గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరేముందు: నల్లగొండ, పాలమూరు పిల్లలు చూసుకోవలసినవి

ఇంటర్ అయిపోగానే, డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు ముగియగానే మా వైపు పిల్లలు అడిగే మాట ఒకటే: "అన్నా, గ్రాఫిక్ డిజైనింగ్ నేర్చుకుందామనుకుంటున్న. ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిగుంటది?" ఒక పేరు చెప్పి పంపేయొచ్చు. కానీ ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దుటి బ్యాచ్ పదేళ్లు పని చేసిన సారు చేతిలో ఉంటుంది, సాయంత్రం బ్యాచ్ మొన్ననే కోర్సు ముగించిన కుర్రాడి చేతిలో ఉంటుంది. పేరు చూసి చేరితే ఎవరి చేతిలో పడతారో తెలియదు.

అందుకని చూసుకునే పద్ధతి చెబుతాను. మంచి కోర్సుకు నేను చూసే గుర్తు ఒకటుంది. మీరు చేసిన పనిని ఎవరో ఒకరు పక్కన కూర్చొని దిద్దుతున్నారా? ఫొటోషాప్‌లో ఏ బటన్ ఎక్కడుందో యూట్యూబ్‌లో తెలుగులోనే ఉచితంగా దొరుకుతుంది. "ఈ ఫోన్ నంబర్ ఎందుకింత చిన్నగా పెట్టినవ్, దుకాణానికి దారి ఎక్కడ రాసినవ్" అని అడిగే మనిషి అక్కడ దొరకడు. మీరు ఫీజు కట్టేది ఆ మనిషి కోసం. కింద చెప్పేవన్నీ ఆ మనిషి ఉన్నాడో లేడో కనిపెట్టడానికే.

1. ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి

గ్రాఫిక్ డిజైన్ అని ఒకే పేరు పెట్టుకున్నా లోపల పనులు వేరు. మొదటిది అచ్చు పని: ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు, కరపత్రాలు, బిల్ బుక్కులు, ప్యాకెట్ లేబుళ్లు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా, మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, గద్వాలలోనైనా ఏడాది పొడుగునా ఉండే పని ఇది. సొంతూరు వదలకుండా బతకాలనుకునేవాళ్లకు ఇదే దారి. రెండోది ఏజెన్సీ పని: కంపెనీల సోషల్ మీడియా పోస్టులు, ప్రకటనలు, లోగోలు. ఇది ఎక్కువగా హైదరాబాద్‌లో ఉంటుంది, కొంత ఇంటి నుంచి చేసుకోవచ్చు. మూడోది యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు రూపొందించే యూఐ, యూఎక్స్ పని. దీనికి తెరలు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ రావాలి, వాడేవాళ్లతో మాట్లాడి వాళ్ల ఇబ్బంది తెలుసుకునే ఓపిక కావాలి, ఇంగ్లిష్‌లో మీ ఆలోచన వివరించగలగాలి.

ఈ మూడూ మూడు నెలల్లో నేర్పిస్తామని, పైగా వీడియో ఎడిటింగ్, డిజిటల్ మార్కెటింగ్ కూడా కలిపిస్తామని పాంప్లెట్ వేసిన చోట ఏదీ కుదురుగా నేర్పరు. ఒకటి ఎంచుకోండి. తర్వాత మారాలనుకుంటే మారొచ్చు, మొదటి పనిలో అబ్బిన కంటిచూపు రెండోదానికీ పనికొస్తుంది.

2. ఫీజు కట్టకముందు ఒక నెల ఇంట్లో చేసి చూడండి

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. ఇంక్‌స్కేప్, జింప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం, చట్టబద్ధంగా దించుకోవచ్చు. కంప్యూటర్ పాతదైతే ఫొటోపీ అనేది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, చూడటానికి ఫొటోషాప్‌లాగే ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌లో రోజూ ఒక గంట కూర్చోండి.

చేయవలసిన పని ఒకటి చెబుతాను. మీ ఊళ్లో కారం పొడి పట్టించి అమ్మే అక్క ఒకరుంటారు. ఆమె అరకిలో ప్యాకెట్‌కు లేబుల్ తయారు చేయండి. దాని మీద పేరు, బరువు, ధర, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబర్, శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ పట్టాలి. ఇన్నీ పెట్టినా దుకాణంలో నాలుగడుగుల దూరం నుంచి కారం అని చదవగలగాలి. ఒకసారి వేసి, ప్రింట్ తీసి, ప్యాకెట్‌కు అతికించి, ఆ అక్కకు చూపించండి. ఆమె ఏమంటే అది మళ్లీ మార్చండి.

నాలుగైదు సార్లు మార్చాక కూడా ఇంకోలా చేసి చూద్దామని చెయ్యి గుంజుతుంటే మీరు ఈ పనికి పనికొస్తారు. రెండోసారికే విసుగొస్తే ఫీజు మిగిలింది, మీకు నచ్చిన వేరే చదువు చూసుకోండి. బొమ్మ గీయడం రాదని మాత్రం భయపడకండి. చేతితో బొమ్మ వేయడం వస్తే మేలే, కానీ ఈ రంగంలో అక్షరాన్ని, ఖాళీని, రంగును ఎక్కడ పెట్టాలో తెలియడం అంతకంటే ఎక్కువ పని చేస్తుంది.

3. మీకు అందుబాటులో ఉన్న దారులు

పదో తరగతి తర్వాత: ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) అనే ఏడాది ట్రేడ్ ఉంది. అన్ని ఐటీఐల్లో ఉండదు, ప్రవేశాల సమయంలో ట్రేడ్ల జాబితా చూసుకోండి. పాలిసెట్ రాసేవాళ్లు సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ గురించి కనుక్కోండి. అచ్చు యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలిసిన డిజైనర్‌కు ప్రెస్సుల్లో ఉండే మర్యాద వేరు.

ఇంటర్ తర్వాత, నాలుగేళ్లు చదవగలిగే వీలుంటే: హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ ఉంది. దానికి సొంత ప్రవేశ పరీక్ష ఉంటుంది, అందులో జ్ఞాపకం నుంచి బొమ్మ వేయడం కూడా ఉంటుంది. ఏ గ్రూపు చదివినా రాయొచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ప్రైవేటు డిజైన్ కాలేజీలతో పోలిస్తే ఖర్చు తక్కువ. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ డిగ్రీకి యూసీడ్ పరీక్ష, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌కు ఎన్‌ఐడీ డాట్ పరీక్ష రాయాలి. వీటికి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయాలి. ఫలితాలు వచ్చాక ఆలోచిద్దామంటే ఆ ఏడాది పోయినట్టే. మన పిల్లలకు ఈ పరీక్షల సంగతి చెప్పేవాళ్లు కాలేజీల్లో తక్కువ. ఎప్‌సెట్ (పాత ఎంసెట్), నీట్ తప్ప ఇంకేమీ లేనట్టే రెండేళ్లు గడిచిపోతాయి. అది నాకు నిజంగా బాధ. తెలంగాణ రాజముద్రకు 2014లో రూపమిచ్చిన ఏలె లక్ష్మణ్ గారు ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం మనిషి. ఈ మట్టి నుంచి వెళ్లినవాళ్లకు ఆ చదువులు అందవని ఎవరన్నా అంటే నమ్మకండి.

తక్కువ కాలంలో చేతికి పని కావాలంటే: జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ వసతితో సహా ఉచిత శిక్షణలు ఇస్తుంటాయి. ప్రతి బ్యాచ్‌లో డిజైన్ కోర్సు ఉండదు. ఫోన్ చేసి, ఈసారి ఏ కోర్సులు పెడుతున్నారో అడిగి వెళ్లండి. ఆపైన జిల్లా కేంద్రాల్లో కంప్యూటర్ సెంటర్లు, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లు, ఆన్‌లైన్ కోర్సులు ఎటూ ఉన్నాయి.

ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ కోర్సు అనుకోరు. బాగా నడిచే ప్రింటింగ్ ప్రెస్‌లో ఆరు నెలలు తక్కువ జీతానికి పని నేర్చుకోవడం. ఓనర్ గొంతు కొంచెం పెద్దదే అయినా, రోజుకు పది పనులు చూస్తారు, పదీ కస్టమర్ ముందే దిద్దుబాటు అవుతాయి. అచ్చు పని ఎంచుకున్నవాళ్లకు మూడు నెలల సర్టిఫికెట్ కంటే దీన్నే ముందు చెబుతాను.

4. డెమో క్లాసులో ఏం చూడాలి

డెమో అంటే సారు చెప్పింది విని తలూపి రావడానికి కాదు. కౌన్సెలర్ ఏసీ గదిలో చెప్పే మాటలు పక్కనబెట్టి, నడుస్తున్న బ్యాచ్‌లో వెనక కూర్చొని ఒక గంట చూస్తానని అడగండి. కుదరదంటే లేచి వచ్చేయండి.

కూర్చున్నాక సారు వైపు కంటే పిల్లల తెరల వైపు చూడండి. అందరి తెర మీద ఒకే పోస్టర్, ఒకే రంగులు ఉన్నాయా? అయితే అక్కడ సారు చేసి చూపించింది కాపీ కొట్టడమే నడుస్తోంది. ఒక్కొక్కరి తెర మీద ఒక్కోలా ఉండి, సారు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి తిరుగుతూ "ఇది ఎందుకు ఇట్ల పెట్టినవ్" అని అడుగుతుంటే, అదీ మీరు వెతుకుతున్న చోటు. ఒక సారుకు ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. ముప్పై మంది ఉంటే మీ వంతు దిద్దుబాటు రానే రాదు.

క్లాసు అయ్యాక సారును ఈ మూడు అడగండి.

"సార్, మీరు ఈమధ్య బయట చేసిన పని ఏదైనా చూపిస్తారా?" పని చేస్తున్న మనిషి ఫోన్ తీసి సంతోషంగా చూపిస్తాడు.

"పోయిన బ్యాచ్ విద్యార్థిది మొదటి వారం పని, చివరి వారం పని పక్కపక్కన చూడొచ్చా?" గోడకు అంటించిన అందమైన పోస్టర్లు ఎక్కడివైనా కావొచ్చు. ఒకే విద్యార్థి పని మొదట్లో ఎలా ఉండి చివరికి ఎలా తేలిందో చూస్తే కోర్సు సత్తా తెలిసిపోతుంది.

"12 అడుగులకు 8 అడుగుల ఫ్లెక్సీకి కస్టమర్ వాట్సాప్‌లో ఫొటో పంపితే ఏం చేస్తారు?" ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, లోతు ఎక్కువ. అడుగుకు 12 అంగుళాలు, అంగుళానికి 72 పిక్సెళ్లు (ఫొటోలోని చుక్కలు) వేసుకున్నా ఆ ఫ్లెక్సీ వెడల్పుకు 10,368 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. "అసలు ఫొటో డాక్యుమెంట్‌గా పంపమంటాం, అదీ లేకపోతే ఫొటోను చిన్న భాగంలో పెట్టి పేరు పెద్దగా వేస్తాం" అని చెప్పాడంటే ఆయన కౌంటర్ దగ్గర నిలబడి పని చేసినవాడు. "సైజు పెంచేస్తే సరిపోతుంది" అంటే ఆయనకు ఇంకా ఆ అనుభవం లేదు.

5. తెలుగు పరీక్ష పెట్టండి

మన జిల్లాల్లో పని చేసే డిజైనర్‌కు తెలుగు అక్షరం సరిగ్గా కూర్చడం రాకపోతే సగం పని రానట్టే. చాలా కోర్సుల్లో దీన్ని అసలు పట్టించుకోరు. ల్యాబ్‌లో ఫొటోషాప్ తెరిపించి, యూనికోడ్‌లో (ఫోన్‌లో మనం టైప్ చేసే తెలుగు పద్ధతి) "లక్ష్మి", "స్త్రీ", "స్వాతంత్ర్యం" అని టైప్ చేయించండి. పాత వెర్షన్ అయి సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఒత్తులు కిందికి దిగవు. అక్షరాలు విడివిడిగా పడి, మధ్యలో పొల్లు కనిపిస్తుంది. ఆ పాత వెర్షన్లలో దీనికి మందు ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం కింద ఉంటుంది. టెక్స్ట్ ఇంజన్‌ను వరల్డ్ రెడీ లేఅవుట్‌కు మార్చాలి, ఇంకా పాతవాటిలో అదే ఎంపిక మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పేరుతో ఉంటుంది. పుస్తకాల పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి. సారు ఇది చప్పున సరిచేస్తే ఆయనకు తెలుగు పని తెలుసు. "తెలుగు ఇందులో రాదు" అంటే ఆ కోర్సు మీకు పనికిరాదు.

అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) సంగతి కూడా అడగండి. మన ప్రెస్సుల్లో అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని చుట్టూనే కోర్సు నడిపే చోట డబ్బు పెట్టకండి. అయితే అనులో టైప్ చేయడం, అను మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఒక వారం నేర్పితే వద్దనకండి, ఊళ్లో మొదటి ఉద్యోగానికి అది అక్కరకొస్తుంది. ఫోన్లలో, వెబ్‌సైట్లలో, వాట్సాప్‌లో నడిచేది యూనికోడే కాబట్టి ప్రధానంగా అదే రావాలి.

యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవనే మాట నమ్మొద్దు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, పెద్దన, ధూర్జటి, గిడుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. గోల్కొండ పత్రిక నడిపిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో సురవరం అనే ఫాంట్ కూడా అక్కడ ఉంది. మంచి సారు ఈ ఫాంట్లను పక్కపక్కన పెట్టి, ఏది శీర్షికకు నిలబడుతుంది, ఏది చిన్న సైజులో ఒత్తులు పూడుకుపోకుండా చదవనిస్తుంది అని చూపిస్తాడు.

అచ్చు పనికి వెళ్లేవాళ్లు సిలబస్‌లో ఇంకో రెండు చూసుకోండి. ఆర్‌జీబీకి (తెర మీది రంగులు), సీఎంవైకేకి (అచ్చు సిరా రంగులు) తేడా, కటింగ్ కోసం చుట్టూ వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్. చిన్న అక్షరాలను నలుపు ఒక్క రంగులోనే పెట్టాలని కూడా నేర్పాలి. నాలుగు రంగులు కలిసిన నలుపులో పెడితే ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున ఎరుపో నీలమో కనిపిస్తుంది. వెయ్యి పెండ్లి కార్డులు అలా అచ్చయితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మీకే తెలుసు. కోర్సులో ఒక్కసారైనా పిల్లలను ప్రెస్‌కు తీసుకెళ్లి తమ ఫైలు అచ్చవుతుంటే చూపిస్తారా అని అడగండి.

6. ఫీజు, కాగితాలు

మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. వద్దు. రెండు మూడు వాయిదాల్లో కడతామని చెప్పండి. ప్రైవేటు శిక్షణ మీద సాధారణంగా 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. చెప్పిన అంకెలో అది కలిసిందా, పైన వేస్తారా అని ముందే అడిగి, రసీదు తీసుకోండి. మధ్యలో సారు మారితే, బ్యాచ్ ఆగితే డబ్బు తిరిగి ఇచ్చే సంగతి కాగితం మీద రాయించుకోండి. ఫీజు కోసం ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఈఎంఐ పెట్టిస్తామంటే, ఆ అప్పు వేరే ఫైనాన్స్ కంపెనీ పేరున మీ మీద ఉంటుందని గుర్తుంచుకోండి. క్లాసులు ఆగినా వాయిదాలు ఆగవు.

"వంద శాతం ఉద్యోగం గ్యారంటీ" అన్న మాటకు విలువ ఇవ్వకండి. పోయిన రెండు బ్యాచ్‌ల పిల్లలు ఇద్దరు ముగ్గురి నంబర్లు అడిగి, ఇప్పుడు ఏం చేస్తున్నారో మీరే మాట్లాడండి. ఆ పిల్లలు చెప్పేది కౌన్సెలర్ చెప్పేదానికంటే నికరం.

ల్యాప్‌టాప్ చేరకముందే కొనొద్దు, మొదటి నెల ల్యాబ్‌లో చేయండి. కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండేలా చూసుకోండి. గేమింగ్ మోడల్ అక్కర్లేదు.

7. హైదరాబాద్ వెళ్లాలా, ఇక్కడే ఉండాలా

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత ప్రయాణం ప్రాక్టీసును తినేస్తుంది. హాస్టల్ అద్దె, మెస్, చార్జీలు కలిపితే చాలాసార్లు కోర్సు ఫీజు కంటే ఎక్కువవుతుంది. యూఐ, యూఎక్స్ లేదా ఏజెన్సీ పని ఎంచుకున్నవాళ్లు ఆ ఖర్చు పెట్టడం న్యాయమే. ఆ రంగం మనుషులు అక్కడే ఉన్నారు. అచ్చు పని ఎంచుకున్నవాళ్లు ఊళ్లోనే నేర్చుకొని, కావాలంటే వారాంతపు బ్యాచ్‌కు వెళ్లి రండి.

ఆడపిల్లను దూరం పంపలేమని ఇంట్లో అంటే దాంతో దారి మూసుకుపోయిందనుకోకండి చెల్లె. ఆన్‌లైన్ కోర్సులో వీడియోలు మాత్రమే ఇచ్చేవి వదిలేసి, వారానికి రెండుసార్లైనా మీ ఫైలు తెరిచి మీతో మాట్లాడుతూ దిద్దేది వెతకండి. నారాయణపేట, గద్వాల చీరలు, పోచంపల్లి ఇక్కత్ ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లకు కేటలాగులు, ట్యాగులు, పోస్టులు రోజూ కావాలి. ఆ పని ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు.

8. ఏఐ వచ్చింది కదా, ఇంకా నేర్చుకోవాలా

నేర్చుకోవాలి. కోర్సులో ఏఐ కూడా ఉండాలి. ఫొటోషాప్‌లో మాట రాస్తే బొమ్మలో ఆ భాగం నింపే జనరేటివ్ ఫిల్ 2023లోనే వచ్చేసింది, దాన్ని వాడటం రానివాళ్లు వెనకబడతారు. కానీ ఏఐ ఇచ్చిన బొమ్మలో తెలుగు అక్షరాల ఒత్తులు తరచూ తప్పుతాయి, బతుకమ్మ పేర్పు తలకిందులుగా వస్తుంది, బోనం ఎత్తుకున్న తీరు మన తీరులా ఉండదు. ఆ తప్పు పట్టే కన్ను మీకుండాలి. "ఏఐతో పది నిమిషాల్లో లోగో" అని మొత్తం కోర్సును దాని మీదే నడిపే చోట ఆ కన్ను రాదు.

9. చేరిన మొదటి నెల

మొదటి రోజు నుంచి ఒక ఫోల్డర్ పెట్టుకోండి. ప్రతి పనికీ మొదటి రూపం, సారు దిద్దిన రూపం, మీరు మార్చిన రూపం మూడూ తేదీతో దాచండి. మీ పనుల సంపుటి, అంటే పోర్ట్‌ఫోలియో, బిహాన్స్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు ఇవే మీకు పనికొస్తాయి. ఉద్యోగమిచ్చేవాళ్లు సినిమా హీరో పోస్టర్ల కంటే ఇలాంటి నాలుగు నిజమైన పనులనే ఎక్కువసేపు చూస్తారు.

రెండో వాయిదా గడువుకు ముందు రోజు ఆ ఫోల్డర్ తెరవండి. దిద్దిన రూపాలు కనీసం వారానికి ఒకటైనా ఉంటే డబ్బు కట్టండి. ఫోల్డర్ నిండా మీ మొదటి రూపాలే ఉంటే, ఫోల్డర్ పట్టుకుని సారు దగ్గరికి వెళ్లి, "సార్, నా పని ఎప్పుడు దిద్దుతారు?" అని అడగండి. జవాబులో రోజు, టైమ్ లేకపోతే ఆ వాయిదా కట్టకుండా వేరే చోటు చూసుకోండి.